పాటలో ఆగే చోటు

1991 నవంబరు ఇరవై ఒకటి. జపానులో ఆ సాయంత్రం మిసో అనే సోయా ముద్దలో ఉడికించిన కానాగంత చేప, ముల్లంగి తురుము, పొగలు కక్కే అన్నం. నోరియోకి ప్రాణమైన తిండే. అయినా ముద్ద దిగలేదు. ఆ పొద్దున్నే వాళ్ల రాక్ బ్యాండు మొదటిసారిగా ఒక నెమ్మది పాటను సింగిల్‌గా, అంటే విడి డిస్కుగా, విడుదల చేసింది. ఎనిమిదేళ్లుగా పాటలన్నీ గిటారిస్టు నోరియో కట్టినవే. ఇది మాత్రం డ్రమ్మర్ హగివారాది.

"డ్రములు బాదేవాడికి ప్రేమ పాటేంట్రా?" అని రికార్డింగు రోజు స్టూడియోలోనే నోరియో దెప్పాడు.

"నువ్వెప్పుడూ పరుగు పందెమేగా. ఈ ఒక్కసారికి నడవరా బాబూ," అని హగివారా నవ్వాడు.

నోరియో మొహం మాడ్చుకుని, గిటారును కావాలనే ఈడుస్తూ ఒక్క విడతలో వాయించేసి లేచిపోయాడు.

ఇప్పుడు వంటింట్లో భార్య చిజురు నోట కూడా ఆ పాటే. తన పాట ఒక్కటైనా ఆమె ఎప్పుడూ కూనిరాగం తీసిన పాపాన పోలేదు. రేపటి టీవీ కార్యక్రమానికి రానని, అసలు బ్యాండే వద్దని చెప్పేయాలని హగివారాకి ఫోను తిప్పాడు.

అంతలో చిజురు డిస్కులో రెండోది పెట్టింది. అదే పాట, ఇంట్లో పాడుకునేవాళ్ల కోసం గాయకుడి గొంతు తీసేసి వట్టి వాయిద్యాలే ఉంచినది. మధ్యలో గిటారు ఆగకముందే ఆమె తర్వాతి చరణం ఎత్తుకుంది. మళ్లీ పెట్టింది. మళ్లీ తొందరపడింది.

"అబ్బ, ఈ గిటారు దారిస్తేగా! అయిపోయిందనుకుంటానా, ఇంకా ఉంటుంది. గుమ్మంలో నిలబడి వెళ్లలేనివాళ్లలాగా."

"అది వాయించిందెవరో తెలుసా?"

"తెలీకేం? అందుకేగా పొద్దుట్నుంచీ ఇదే పెడుతున్నాను. నీ మిగతా పాటలు పాడాలంటే వెనక కుక్కలు తరమాలి నన్ను!"

ఫోనులోంచి హగివారా అరుస్తున్నాడు: "ఒరేయ్, పలకవేం?"

"ఆ ఈడ్పు... ఎందుకు తీసేయలేదురా?"

హగివారా అరుపు తగ్గించాడు. "తీసేద్దామనే చూశాను. పాట నాది, వింటే నీదిలా ఉంది. కుళ్లు పుట్టింది. అయినా చెయ్యి రాలేదు."

"రేపు ఎన్నింటికి రావాలి?" అన్నాడు నోరియో.

అసూయ చల్లారిందని కాదు. పాట ఇంకా హగివారాదే. కానీ ఆకలేసింది. చల్లారిన చేప తింటూ, "ఇప్పుడు కాదు... ఊఁ, ఇప్పుడు," అని చిజురుకి అందించాడు. ఈసారి ఆమె ఆగింది. సరిగ్గా అందుకుంది.

నోరియో లేచి, ఆ పాటకు అడ్డు రాకుండా, చలి రాత్రులు వేసే బయటి చెక్క తలుపును రెండు చేతులా మెల్లగా జరిపి మూశాడు.