అత్త పూసుకున్న పసుపు

మా పంకజవల్లి అత్త చెప్పింది చెప్పినట్టు వినదు, తనకు కావలసినట్టు వింటుంది. పుట్టినప్పటి నుంచీ ఈ సంగతి తెలిసి కూడా నేను వాళ్ల వంటింట్లో జెల్లీ ఆట ఆడాను.

అత్త మూత్రపిండంలో ఉసిరికాయంత కంతి ఉంది. రెండేళ్ల కిందట వేరే ఊళ్లో సూది గుచ్చి దాన్ని మంచులా గడ్డకట్టించి చంపారు. అయితే మంచు నడిమధ్యలో చంపినంత గట్టిగా అంచుల్లో చంపదు. అక్కడ మిగిలిన కణాలు మళ్లీ పెరిగాయి. నేను పనిచేసే ఆసుపత్రిలో డాక్టర్ సౌందరరాజన్ ఒక కొత్త పద్ధతిని పరీక్షిస్తున్నారు. కంతిని గడ్డకట్టించి, అదే సూదిలోంచి సన్నటి కరెంటు పంపడం. ఆ యంత్రం నడిపేది నేనే. అత్తను చేర్చుకుంటామన్నారు. అత్త మాత్రం ససేమిరా అంది.

"ఐసు చాలదని కరెంటు కూడానా? గోరుచుట్టు మీద రోకలిపోటు. నేను రాను పో నందితా."

మామ త్యాగరాజన్ నన్ను పెరట్లోకి పిలిచాడు. "ఎట్లైనా ఒప్పించు పాపా. ఆమె లేకుంటే ఈ ఇంట్లో నాకు ఏది యాడ ఉందో కూడా తెలీదు" అన్నాడు. మామ నోట అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది.

అందుకే మరుసటి ఆదివారం రెడ్డియార్‌పాళయంలోని వాళ్లింటికి వెళ్లి, కడల్‌పాసి అనే సముద్రపు నాచు కాచి, ఉప్పూ పసుపూ కలిపి గిన్నెలో జెల్లీ పోశాను. అది పేరుకున్నాక రెండు మేకులు గుచ్చి బ్యాటరీకి తగిలించాను. కాసేపటికి ఒక మేకు చుట్టూ పసుపు ఎర్రబడి, ఆ ఎరుపు మెల్లగా పాకింది.

"చూడు అత్తా. ఉప్పునీళ్లలో కరెంటు పోతే ఒక పక్క పులుపు, ఒక పక్క సున్నం మాదిరి ఘాటు పుడతాయి. ఒంట్లోనూ అంతే. ఐసు కణాలకు తూట్లు పెడుతుంది, సూది దగ్గర పుట్టే పులుపు ఆ తూట్లలోకి దూరుతుంది. ఐసుకు తప్పించుకున్నది దీనికి దొరికిపోతుంది."

అత్త చెంపకు చెయ్యి ఆనించుకుని చాలాసేపు చూసింది. "పసుపులో సున్నం కలిపిన ఆరతి నీళ్ల మాదిరే ఉందే" అంది. తర్వాత, "సరి, వస్తా" అంది.

నా అంత తెలివైనది పుదుచ్చేరిలో లేదని పొంగిపోయాను.

చికిత్స రోజు అత్తను బోర్లా పడుకోబెట్టి, సూది గుచ్చే చోటుకి మాత్రం మత్తిచ్చారు. కరెంటు బయటికి పోవడానికి తుంటి మీద ఒక తడి అట్ట అంటించారు. సూది దిగింది. స్కాన్ తెర మీద మంచు చక్కగా కట్టింది. నేను కరెంటు పెట్టాను. సగం కూడా కాలేదు, నర్సు కయల్విళి అట్ట అంచు ఎత్తి చూసి, "సార్, ఈడ ఎర్రగా ఉంది" అంది.

డాక్టర్ ముఖం మారిపోయింది. "చర్మం కాలుతోంది. ఆపండి. ఇక కరెంటు వద్దు, ఐసుతోనే ముగిద్దాం."

ఆపాను. ఐసుతోనే ముగిస్తే అంచులు మళ్లీ మిగిలిపోతాయి. బయట మామ కూర్చుని ఉన్నాడు.

"మంటగా ఉందా అత్తా?"

"లేదే. చల్లగా ఉంది."

"ఒంటికి ఏమన్నా పూసుకున్నావా?"

"పసుపే. నువ్వే కదా జెల్లీలో వేసినావు. పసుపు లేకుంటే కరెంటుకు దారి ఎట్లా తెలుస్తుంది? నడుమంతా గట్టిగా పట్టించి వచ్చినా."

నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. సూది గుచ్చే చోటు నర్సు మందుతో తుడిచింది గానీ, తుంటి దాకా ఎవరు తుడుస్తారు? పసుపు ఒళ్లు మా ఊళ్లో ఎవరికీ వింత కాదు. సూది పక్క పులుపైతే అట్ట పక్క ఘాటు; ఆ కాస్త ఘాటుకే పసుపు ఎర్రబడింది. ఈ మాటే చెప్పాను. డాక్టర్ ఊరికే నమ్మే మనిషి కాదు. "చూపించండి" అన్నారు.

తలుపు దగ్గరికి పరుగెత్తాను. మామ చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది. గుళ్లో పూజ చేయించిన నిమ్మకాయ లేకుండా మామ ఆసుపత్రి మెట్లెక్కడు.

"అది ఇటియ్యి మామా."

"అమ్మవారి పండు పాపా. కొయ్యకూడదు."

"అమ్మవారు ఇచ్చింది ఇందుకే."

రసం పిండి దూదితో రుద్దితే, ఆ పులుపుకు ఎరుపు కాస్తా మళ్లీ పసుపురంగుకు తిరిగింది. కింద చర్మం నిక్షేపంలా ఉంది. డాక్టర్ వేలితో నొక్కి, దీపం వేసి మళ్లీ చూసి, "మొత్తం కడిగి కొత్త అట్ట వెయ్యండి. కానివ్వండి" అన్నారు. ఈసారి కరెంటు చివరిదాకా నడిచింది.

మరునాటి స్కాన్‌లో కంతి అంచుల్లో కూడా ప్రాణమున్న చోటు కనబడలేదు. ఇకమీదట అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండాలి, అంతే.

నేను అత్తను ఆటోలో తీసుకొచ్చేసరికి మామ గడపలో పళ్లెంతో నిలబడి ఉన్నాడు. ఆయన ఆరతి కలపడం అదే మొదటిసారి. పళ్లెంలో నీళ్లు ఎర్రబడకుండా పసుపుపచ్చగానే ఉన్నాయి.

"సున్నం యాడ?" అంది అత్త.

"మరిచిపోతిని. చెయ్యి ఆడలేదు పంకజం."

"వంటింట్లో, ఉప్పు జాడీ వెనకాల ఉంది. పోయి తీసుకురండి."

"నువ్వు లోపలికి వచ్చి కూర్చో. నిలబడలేవు."

"ఆరతి లేకుండా రాను. మెల్లగానే వెతకండి" అంది అత్త, నా భుజం మీద బరువు ఆనించి. "ఇప్పుడు నాకేం తొందర?"