రెండు పుటల మాట

అత్తిముగంలో మేకలు మేపే మునెప్పకు ‘సెట్’ అంటే బావి దగ్గరి పంపుసెట్టే. మూకండపల్లి ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు రేణు ఆ ఆదివారం లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు తెచ్చి, ఆ ఒక్క మాటకే రెండు పుటల అర్థాలు చూపించేసరికి ఆయనకు ఒళ్లు మండింది.

“ఒక మాటకి ఇన్ని అర్థాలా? ఎవుర్ని ఏమారస్తావు?” అంటూ, కాలు విరిగిన మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని వెదురుబద్దలు కట్టసాగాడు.

“మిషను సరిజేస్తే సెట్ అంట నాయనా. పాలు తోడుకుంటే సెట్ అంట. పొద్దు గూకినా అదే మాటంట.”

మునెప్ప వెదురుబద్దల చుట్టూ గుడ్డపేలిక చుడుతూనే ఉన్నాడు.

రేణు వేలు ఇంకో వరుస మీద ఆగింది. ఆమె తండ్రి చేతుల వైపు చూసింది. “ఇరిగిన ఎముకను కుదురుగా పెట్టి కట్టేది కూడా సెట్టే అంట.”

ఆయన చేతులు ఆగిపోయాయి. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన ఒక్క మాటలో పొద్దూ, పెరుగూ, తన ఒళ్లోని మేకపిల్ల కాలూ ఉన్నాయి. అక్షరం ముక్క రాని మునెప్ప ఆ పుటను మెల్లగా తడిమాడు.

“ఈ మాట పుట్టించినోళ్లు దొరలు కాదమ్మా,” అన్నాడు. “మేకలు మేపినోళ్లే.”