కుడి చెవిలో పడ్డ మాటలు

కొయింబ్రా విశ్వవిద్యాలయంలోని మా ప్రయోగశాలకు ఎక్కువగా విద్యార్థులే వస్తారు. ఆ ఏడాది పెద్దవాళ్లను కూడా పిలిచాం. అలా వచ్చింది దోనా ఎర్మెలిందా. డెబ్బై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు తన ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది.

పరీక్ష చిన్నది. ఎడమ చెవిలో వినిపించే కథను వెంటవెంటనే పైకి చెప్పాలి, కుడి చెవిలో వచ్చే మాటలను పట్టించుకోకూడదు. ఆమె ఒక్క ముక్క తప్పకుండా చెప్పింది.

“కుడి చెవిలో ఏం వినబడింది?” అని అడిగాను.

“అందులో ఎవరన్నా మాట్లాడారా డాక్టరమ్మా?”

తర్వాత సగం సగం మాటలున్న కాగితం ఇచ్చి, తోచినట్టు పూర్తి చేయమన్నాను. కుడి చెవిలో పడ్డ, ధ్యాస పెట్టని మాటలు మామూలుగా ఇరవైలో మూడో నాలుగో బయటికొస్తాయి. ఆమె పద్నాలుగు రాసింది. రెండుసార్లు లెక్కపెట్టి, మెచ్చుకుంటూనే చెప్పాను. ఆమె కాగితాన్ని మళ్లీ దగ్గరికి లాక్కుంది.

“వినకుండానే లోపలికి పోతాయా?”

“కొందరికి పోతాయి.”

ఆమె వేలు కాగితం అడుగున ఆగింది. అక్కడున్న ‘లగా’ను అందరూ ‘లగార్తు’, అంటే బల్లి, అని పూర్తిచేస్తారు. ఆమె ‘లగార్’ అని రాసింది. ఆలివ్ నూనె గానుగ. ఆ మాట మేం ఏ చెవిలోనూ వినిపించలేదు.

“జసింతును గానుగలోనే పట్టుకున్నారు,” అంది.

జసింతు ఆమె స్నేహితురాలు ఫిలొమెనా తమ్ముడు. 1963లో, నియంత పాలన రోజుల్లో, రహస్య పోలీసులు తీసుకుపోయారు, తిరిగి రాలేదు. ఎవరో వాళ్లకు ఫోన్ చేసి అతను దాక్కున్న చోటు చెప్పారు. ఆ ఫోన్ కలిపింది ఎర్మెలిందాయే. “నేను తీగలు కలుపుతాను, మాటలు వినను” అని అందరికీ చెప్పింది, తనూ నమ్మింది.

“ఇది రుజువు కాదండీ. గానుగ మీ ఊళ్లో మామూలు మాటే కదా,” అన్నాను. ఆమె కోటు గుండీలు తప్పుగా పెట్టుకుంటోంది.

మర్నాడు ఆమెను ఫిలొమెనా ఇంటికి నేనే కారులో తీసుకెళ్లాను. ఫిలొమెనా వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తోంది. అంతా విని, చేతిలోని కాయ కింద పెట్టింది.

“అయితే విన్నావన్నమాట.”

“చెవిన పడిందే. విని ఉంటే పరిగెత్తుకొచ్చి చెప్పనా?”

“ఎవరి గొంతు?”

“గొంతు రావట్లేదే ఫిలొమెనా. మాటొక్కటే వచ్చింది.”

 ఫిలొమెనా ఆమెకేసి చూడకుండా నావైపు తిరిగింది.

“తమ్ముడు ఆఖరిసారి ఇంట్లోంచి వెళ్తూ గుమ్మంలో ఏదో అన్నాడమ్మా. నేను పొంగుతున్న పాల మీద ధ్యాస పెట్టి వినలేదు. ఆ కాగితం నాకూ ఇస్తావా?”

ఆ కాగితంతో ఆ మాట తిరిగి రాదని తెలిసీ, తెస్తానన్నాను.