బ్రేకు మీద అమ్మ కాలు

కూతురు కారు కొన్నప్పటి నుంచి ఆవిడకు కంటి మీద కునుకు లేదు. కారంటే కొత్తదేం కాదు, ఎవరో వాడి వాడి వదిలించుకున్నది. కూతురు ఇల్లిల్లూ తిరిగి మంచాన పడ్డవాళ్లను చూసుకునే నర్సు. రేపు పొద్దున్నే ఒక ముసలాయనను ఎక్కించుకుని, ఏటవాలు రోడ్డు దిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ రోడ్డు చివర మలుపు, మలుపులో గోడ. ఆవిడ మనసులో ఆ కారు ఇప్పటికే ఎన్నోసార్లు ఆ గోడకు గుద్దుకుంది.

అలాంటిది, బ్రేకు ఆయిల్ నల్లబడిపోయింది, మార్చాలి అని తెలిస్తే ఊరుకుంటుందా? షెడ్డుకు పంపమని పొద్దుటి నుంచీ పోరు పెట్టింది. కూతురు వినలేదు. షెడ్డువాడు చెప్పిన రేటులో నాలుగో వంతు కూడా ఆయిల్ సీసాకు కాదట. ఒకడు చక్రం దగ్గర కూర్చుని చిన్న మర వదులు చేసి పాత ఆయిల్ బయటికి వదలాలి, ఇంకొకడు లోపల పెడల్ తొక్కి పట్టుకోవాలి. మిగతా డబ్బంతా ఆ ఇద్దరికేనట.

"చేతులు నాకున్నాయి. ఇంకో కాలు కావాలి, అది నీకుంది," అంది కూతురు.

"వంటింటికీ పెరటికీ తిరిగే కాలే ఇది. దీన్ని నమ్ముకుని బ్రేకులు బాగుచేస్తావా?"

ఎదురింటి టైలరు మిషన్ మీద నుంచి తలెత్తకుండానే, తొక్కడానికైతే తనను పిలవమన్నాడు, బతుకంతా తొక్కుడే కదా అన్నాడు.

"మీ కాలు ఊరుకోదు బాబాయ్. నాకు కదలకుండా ఉండే కాలు కావాలి," అని నవ్వింది కూతురు.

జాకీ మీదా స్టాండు మీదా నమ్మకం లేక ఆవిడ తనే నాలుగు ఇటుకలు మోసుకొచ్చి కారు కింద పేర్చింది. తర్వాత స్టీరింగు ముందు కూర్చుని, చెప్పులు విప్పి, పెడల్ మీద పాదం ఆనించింది. కూతురు పద్ధతి చెప్పింది. తొక్కి, తొక్కానని చెప్పాలి. అప్పుడు తను మర వదులు చేస్తుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. దిగినా సరే అలాగే ఉంచాలి. మర బిగించానని తను చెప్పాకే కాలు తియ్యాలి. ముందే తీస్తే గొట్టంలోకి గాలి పోతుంది. గాలి పోతే బ్రేకు మెత్తబడుతుంది.

మొదటిసారి పెడల్ దిగినప్పుడు, చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినట్టయింది ఆవిడకు. అయినా కాలు కదపలేదు. రెండో చక్రానికి భయం కాస్త సద్దుమణిగింది. మూడో చక్రానికి అందులో ఏదో హాయి కూడా కనిపించింది. మధ్యాహ్నపు ఎండ అద్దంలోంచి ఒళ్లోకి పడుతోంది. తేనెరంగు వెలుతురులో దుమ్ము మెల్లగా ఈదుతోంది. కూతురి గొంతు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంది. తొక్కు. తొక్కా. ఉంచు. బిగించా. ఎదురింట్లో మిషన్ చప్పుడు సన్నని వానలా పడుతూనే ఉంది.

నాలుగో చక్రం దగ్గర ఆ వాన ఇంట్లోకి వచ్చేసింది. ఆవిడ నేల మీద కూర్చుని కూరలు తరుగుతోంది. ఉయ్యాల్లో పిల్ల. చేతులు ఖాళీ లేక కాలితోనే ఊపుతోంది. నెడితే ఉయ్యాల వెళ్తుంది, కాలు తీస్తే తిరిగొస్తుంది. నెట్టింది. ఉయ్యాల దూరంగా, మెత్తగా దిగిపోయింది. పాపం, పిల్ల తిరిగి రావాలి కదా అని కాలు తీసింది.

"ఉంచు," అంది పిల్ల.

ఆవిడ ఉలిక్కిపడి మళ్లీ తొక్కింది. ఆ తర్వాతే "బిగించా" అన్న మాట వినిపించింది.

కూతురు చక్రం ఎక్కించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, పెడల్‌ను చేత్తో టకటకా నొక్కి చూసి, రాయిలా ఉందంది. షెడ్డువాడి రేటు మిగిలిందన్న సంతోషం మొహమంతా వెలుగుతోంది.

"నాకెందుకో భయంగా ఉందే," అంది ఆవిడ.

"నీకెప్పుడు లేదమ్మా?"

అదీ నిజమే. వాన పడుతుందని భయం, పడకపోతే ఎండ దెబ్బని భయం, ఫోనెత్తకపోతే భయం, వేళ కాని వేళ మోగినా భయం. ఇన్నేళ్లూ ఉత్తుత్తి భయాలన్నీ కూతురి చెవిలో పోసి పోసి, తీరా అసలుది వచ్చేసరికి ఆవిడకు మాట లేకుండా పోయింది. కూతురు స్పానర్లు సర్దుకుంటోంది. ఆ గోడ మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది. ఈసారి కారు గుద్దుకున్నది ఆవిడ కాలి వల్ల.

"భయం కాదే తల్లీ. కాలు తీశాను. నాలుగో చక్రం దగ్గర, నువ్వు బిగించక ముందే తీశాను."

కూతురి చేతులు ఆగాయి. "ఎందుకు తీశావు?"

"కునుకు పట్టింది. నిన్ను ఉయ్యాలూపుతున్నాననుకున్నా."

కూతురు కోప్పడుతుందేమో అనుకుంది ఆవిడ. కోప్పడలేదు. మళ్లీ జాకీ అందుకుంది.

కొన్న సీసా అప్పటికే అయిపోయింది. ఇంకొకటి తేవడానికి ఆవిడే చరచరా నడిచి వెళ్లింది. ఇంట్లో చేసినా ఖర్చు మెల్లగా షెడ్డు దారి పడుతోందని కొట్టువాడితో అంటే, వాడికేం అర్థం కాక తలూపాడు. ఆవిడ తిరిగొచ్చి కూర్చుంది. మర వదులు చెయ్యగానే చక్రం దగ్గర గొట్టంలో బుడగలు వరసగా పోయాయట. ఇందాకటిలా వెంటవెంటనే నొక్కితే లోపల గాలి ఉన్నా పెడల్ గట్టిగానే తగులుతుందట. కూతురు ఆ మాట చెప్పిన గొంతులో వేళాకోళం లేదు. బుడగలు ఆగేదాకా తొక్కమన్నప్పుడల్లా తొక్కింది, ఉంచమన్నంతసేపూ ఉంచింది. కునుకు రాకుండా కూతురు ఆసుపత్రి కబుర్లు చెబుతూనే ఉంది. "బిగించా" అన్నాక కూడా ఆవిడ ఇంకోసారి అనిపించుకుని గానీ కాలు తియ్యలేదు.

పొద్దున మంచు కురుస్తోంది. ముసలాయనను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కారు ఏటవాలు రోడ్డు దిగింది. ఆవిడ వీధి చివర నిలబడి చూస్తోంది. మంచులో కారు ముందు రంగు పోగొట్టుకుంది, తర్వాత ఆకారం పోగొట్టుకుంది. మలుపు దగ్గర రెండు ఎర్ర దీపాలు వెలిగాయి. అవి నెమ్మదించాయి, ఇంకా నెమ్మదించాయి, పక్కకు తిరిగి ఆరిపోయాయి.

ఆవిడ కిందికి చూసుకుంటే కుడి పాదం తడి మట్టిలో వేళ్లు మునిగేదాకా దిగబడి ఉంది. కాలు తియ్యమని చెప్పేవాళ్లెవరూ లేరు కాబట్టి ఇంకాసేపు అలాగే నిలబడింది.