పొట్టి లెన్సు

వజీహ్ మూడో లెన్సును కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. గాజు లోపల సన్నటి బూజు. పక్కన పెట్టేశాడు.

ఈజిప్టులోని అస్వాన్‌లో, తేళ్ల మీద పరిశోధన చేసే ప్రయోగశాలలో ఇరవై ఆరేళ్లుగా అతనిది ఫొటోలు తీసే పని. వంగిన భుజాలు, ఫిలిం కడిగే మందునీళ్లకు గోధుమరంగు తిరిగిన గోళ్లు. అందరికీ అతను ఫొటో బాబాయ్.

కెమెరా ముందు హార్మోనియం మడతల్లా సాగే నల్లటి తోలు తిత్తి ఉంది. దాని కొసకు ఏ పాత లెన్సు బిగిస్తే ఏం కనిపిస్తుందో అతనికి కంఠోపాఠం. పొడుగు లెన్సు జానెడు దూరం నుంచి చూస్తుంది, కానీ తిత్తి ఎంత సాగదీసినా బొమ్మ పెద్దగా రాదు. పొట్టిదాన్ని తిరగేసి బిగిస్తే తేలు తోక కొస అరచేయంత కనిపిస్తుంది. అయితే లెన్సు తేలుకు మూడు వేళ్ల దూరంలో ఉండాలి. దాన్ని సర్దే చెయ్యి కూడా అక్కడే ఉండాలి.

అతనెప్పుడూ పొడుగుదే వాడాడు.

పంతొమ్మిదేళ్ల కిందట ఒక ఉదయం పొయ్యిలోకి పుల్లలు తీస్తుంటే అతని భార్య ఇన్సాఫ్‌ను తేలు కుట్టింది. ఊరి వైద్యశాలలో, వెంట పట్టుకెళ్లిన చచ్చిన తేలును చూసి, ఇది విషం లేనిదని ఇంటికి పంపేశారు. మధ్యాహ్నానికి ఆమె లేదు. అప్పటినుంచి దుప్పటి దులపకుండా అతను పడుకోలేదు. గచ్చు మీద ఎండుటాకు జరిగినా కాళ్లు పైకి లాక్కునేవాడు.

"ఊరి వైద్యశాలల్లో గోడకు తగిలించే బొమ్మ బాబాయ్," అంది ప్రయోగశాల డాక్టర్ నాహిద్. "తోక చివరి కణుపు మీది రంపప్పళ్లు కనబడాలి. అవి చూసే ఏది విషమున్నదో గుర్తుపట్టాలి."

"పొడుగుదాంతో తీస్తానమ్మా."

"నిరుడూ అదే అన్నావు. అందులో తేలు తోక, ఖర్జూరపాకు ఈనె ఒక్కలాగే ఉన్నాయి."

అతనికి నవ్వు రాలేదు. "చల్లబెట్టి మత్తెక్కించిన తేలు ఎంతసేపటికి లేస్తుంది?"

"దీపాల వేడికి ఏడెనిమిది నిమిషాలు. పటకారుతో నేను పక్కనే ఉంటాగా."

వజీహ్ లెన్సుల సొరుగు లాగాడు. పొట్టి లెన్సు తీసి తిరగేసి బిగించాడు. మర రెండుసార్లు జారింది.

ఇసుక పళ్లెంలో పసుపుపచ్చ తేలు రాయిలా పడి ఉంది. చూపుగాజుకు కన్ను ఆనించగానే ఒక్కో వెంట్రుకా తాడులా కనిపించింది. చెమట రెప్పల మీదికి కారుతోంది. చూపుగాజులో మొదటి బొమ్మ మసక. రెండోదీ మసకే.

నాలుగో నిమిషంలోనే తేలు ముందరి డెక్క విచ్చుకుంది.

"వెనక్కి రా బాబాయ్!"

తోక మెల్లగా పైకి లేస్తోంది. కణుపు స్పష్టం కావాలంటే లెన్సు ఇంకో గోరంత ముందుకు జరగాలి. అతను వెనక్కి రాలేదు, మర తిప్పాడు. పళ్లు ఒక్కొక్కటే తేలాయి. అతను మీట నొక్కాడు.

టక్. ముల్లు లెన్సు అంచుకు తగిలింది. నాహిద్ పటకారుతో తేలును ఎత్తేసింది.

"వచ్చిందనుకుంటానమ్మా," అంటూ వరండాలో కుర్చీలో కూలబడ్డాడు. "కాళ్లు ఆడటంలేదు. కాస్త టీ ఇప్పించు, చక్కెర ఎక్కువ వెయ్యమను."

టీ తెచ్చేసరికి అతను గోడకు తల ఆనించి ఉన్నాడు. నాహిద్ రెండుసార్లు పిలిచింది. తర్వాత అతని వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూసింది. ఎక్కడా కాటు లేదు. గుండె ఆగిందన్నారు.

అతను తీసిన ఫిలిం వేరేవాళ్లు కడగడం అదే మొదటిసారి. పళ్లన్నీ లెక్కపెట్టగలిగేలా ఉన్నాయి.

గదిలో కెమెరా తిత్తి సాగదీసింది సాగదీసినట్టే ఉంది. కెమెరా చూపుగాజు చుట్టూ, అతని చెమట ఆరిన చోట, సన్నటి తెల్లటి ఉప్పు గీత.