మాట లేని వేషం

మీసం ఎడమ కొస మళ్ళీ ఊడింది. హెస్కేల్ దాన్ని వేలితో పెదవిమీద అదిమిపట్టి, జిగురు ఆరేదాకా కదలకుండా కూర్చున్నాడు. మేకప్ చేసే తిర్జా అతని చెంపలకు గోధుమరంగు పులుముతోంది.

"నీ రంగే సరిపోతుంది బాబాయ్. ఇంకా నలుపు కావాలట డైరెక్టరుగారికి," అంది.

షూటింగ్ పాత రేవుపట్నం యాఫా సందుల్లో. కుర్రతనంలో బాగ్దాదు నుంచి వచ్చిన హెస్కేల్ కొన్నాళ్ళు రోడ్లు వేశాడు. ఆ తర్వాత హీబ్రూ సినిమాల్లో అరబ్బు వేషాలే బతుకైపోయాయి. తనూ యూదుడే. కానీ వంగిన భుజాలు, కలిసిపోయిన కనుబొమలు, ఏదో దాస్తున్నట్టుండే చూపు సినిమావాళ్ళకు నచ్చాయి. తెరమీద అతను పరిగెత్తేవాడు, పడిపోయేవాడు. ఒక్కసారైనా ఒక మాట అనాలని, రామత్ గాన్‌లో తన వీధివాళ్ళంతా అది హాల్లో కూర్చుని వినాలని అతని కోరిక.

సహాయ దర్శకుడు గిదోన్ తలుపులోంచి తొంగిచూశాడు.

"ఇవాళైనా నా వేషానికి ఒక మాట ఉందా?" అనడిగాడు హెస్కేల్.

"పారిపోయేవాడికి మాటలెందుకయ్యా? సైనికుడు అరుస్తాడు, నువ్వు పరిగెత్తు."

"ఎందుకు పరిగెత్తడం? ఏం చేశాను?"

"ఏదో చేసే ఉంటావులే. చూసేవాళ్ళకి నీ మొహం చాలు."

ఆ రోజు మళ్ళీ మళ్ళీ పరిగెత్తించారు. రాళ్ళమీద పడి లేచేసరికి ఎడమచెయ్యి మొద్దుబారింది. చెబితే రేపటినుంచి పిలవరని ఊరుకున్నాడు. సాయంత్రానికి జిగురు వదిలించే మందు అయిపోయింది. మీసంతోనే ఇంటికెళ్ళి నూనె రాసి తీసుకోమంది తిర్జా.

బస్టాపులో అతన్ని చూసి ఒకావిడ సంచీ ఇటు భుజంనుంచి అటు మార్చుకుంది. తుపాకీ తగిలించుకున్న నడివయసు సైనికుడు దగ్గరికొచ్చాడు.

"గుర్తింపు కార్డు."

ఇచ్చాడు. సైనికుడు దాన్ని తిప్పితిప్పి చూసి, గోటితో గీకాడు.

"ఇది నీదేనా? ఇందులో మీసం లేదే."

"సినిమా మీసమయ్యా."

"ఏ సినిమా?"

"పేరు నాకు చెప్పలేదు."

సైనికుడి కళ్ళు చిన్నవయ్యాయి. "నిన్నెక్కడో చూశాను."

"చూసే ఉంటావు నాయనా. మీవాళ్ళు నన్ను చాలాసార్లు చంపారు."

ఎవరూ నవ్వలేదు. మీసం పీకమన్నాడు సైనికుడు. అందరి ముందూ పీకాడు హెస్కేల్. పైపెదవి ఎర్రగా కందింది. సైనికుడు కార్డు తిరిగిచ్చి పక్కకు జరిగాడు గానీ, తుపాకీమీద చెయ్యి తియ్యలేదు.

హెస్కేల్ బల్లమీద కూలబడ్డాడు. ఛాతీ బిగుసుకుపోతోంది. పక్కనున్నావిడవైపు తిరిగి, "కాసిని నీళ్ళియ్యమ్మా," అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా హీబ్రూలో మాట్లాడే నోటికి ఆ క్షణాన అమ్మ మాట్లాడిన అరబ్బీయే వచ్చింది. ఆవిడ చప్పున లేచింది. మిగతావాళ్ళూ దూరంగా జరిగారు. బస్సు వచ్చింది, కొందరు ఎక్కారు, వెళ్ళిపోయింది. అతని తల మెల్లగా భుజంమీదికి వాలింది. చాలాసేపటికి సైనికుడు వచ్చి, ముందు తుపాకీ గొట్టంతో కదిపాడు. ఆ తర్వాత చెయ్యి వేసి చూస్తే ఒళ్ళు చల్లబడిపోయి ఉంది.

అంబులెన్సు అతన్ని తీసుకుపోయాక ఎవరో బల్ల కింద మూట చూపించి బాంబని కేకేశారు. పోలీసులు తాడు కట్టి జనాన్ని వెనక్కి నెట్టారు. ఎవరిదని అడిగితే పలికినవాళ్ళు లేరు. పొద్దున అతని భార్య నయీమా అన్నం పెట్టి గళ్ళ రుమాలులో కట్టిచ్చిన డబ్బా అది. ఇంకా ముడి విప్పలేదు. మూత సందులోంచి మామిడి ఊరగాయ రసం పసుప్పచ్చగా గుడ్డమీదికి పాకుతోంది.