విడిచిన ఊళ్లో పొగ

పొద్దు నడినెత్తికెక్కేసరికి నీళ్ల కడవలు రెండే మిగిలాయి. జాలిమానుపల్లె జనమంతా గొడ్డూగోదాతో తిప్ప మీద ఎండలో కూర్చున్నారు. వరసగా రెండేళ్లు వాన మొహం చాటేస్తే ఊరు విడవడం వాళ్ల ఆచారం. కోడి కూయకముందే పొయ్యిలార్పి, తలుపులకు తాళాలేసి, ఊరి మొగదల ముళ్లకంప అడ్డం పెట్టి వచ్చేయాలి. సాయంత్రం చుక్క పొడిచేదాకా ఊళ్లో మనిషీ ఉండకూడదు, నిప్పూ ఉండకూడదు. ఉంటే ఊరికి చేటు.

చిల్లరంగడి తిప్పయ్య ఆచారానికి ఎదురు చెప్పే మనిషి కాదు. అయితే ఏ సరుకు ఎందుకు కదులుతోందో పసిగట్టకుండా వ్యాపారం సాగదు. ఊరు విడవాలని చాటింపు వేయించిన ఈశ్వరప్ప నిన్న రెండు పెట్టెల సిగరెట్లు తెప్పించుకున్నాడు. బీడీ తాగే ఆసామికి సిగరెట్లెందుకు?

"రేపు తోటకు జీపొస్తాండాది. బోరు యాడేసేదీ ఆఫీసర్లు చూస్తారంట," అన్నాడు సరుకు కోసం వచ్చిన ఈశ్వరప్ప పాలేరు.

తిప్పయ్యకు లెక్క కుదిరింది. సర్కారు బోరు జనమున్న చోటికే. కరువుకు సగం పల్లె బెంగుళూరు కూలికి పోయింది. మిగతా సగమూ తాళాలేసుకుని కనబడకపోతే, పాడుబడ్డ ఊరని రాసుకుపోతారు. బోరు ఈశ్వరప్ప తోటలో దిగుతుంది. పొద్దంతా పని చేస్తే మూడు రూపాయలిచ్చే చెయ్యి, బిందె నీళ్లు ఊరికే ఇస్తుందా?

ఆ మాట అతను భద్రమ్మ ఒక్కదానికే చెప్పాడు. పోయిన ఎండాకాలం వంకలో నీళ్ల కోసం చెలిమ తోడుతుంటే, గట్టు విరిగిపడి ఆమె కోడలు చచ్చిపోయింది.

"అందరికీ చెప్పకూడదా, తిప్పయ్యా?"

"నాకు అంగడుండాదత్తా."

"అవునప్పా. నీకు అంగడుండాది," అని పదిహేను పైసలు పెట్టి అగ్గిపెట్టె కొనుక్కుపోయింది. రేపు పొయ్యి వెలగని ఊళ్లో అగ్గిపెట్టె ఎందుకని అతను అడగలేదు.

ఇప్పుడు తిప్ప మీద భద్రమ్మ లేదు. కింద ఊళ్లో సన్నగా పొగ లేచింది.

"ఎవురింట్లోదే ఆ పొగ?"

"ఇంకెవురు, ఆ భద్రమ్మ ముసల్ది. మన కొంప తీసింది."

దూరంగా బాటమీద ఎర్రదుమ్ము లేపుకుంటూ వస్తున్న జీపు, తోటకూ ఊరికీ దారి చీలే చోట ఆగింది. ఈశ్వరప్ప తువ్వాలు దులుపుకుని లేచాడు.

"తిప్పయ్యా, పోయి ఆ పొయ్యి ఆర్పిరాప్పా. నీ మాటైతే ఇంటాది."

అందరూ తనవైపే చూస్తున్నారు. అంగడి బేరంలో సగం ఈశ్వరప్ప ఇంటిదే. తిప్పయ్య అది కూడా లెక్కలో వేసుకున్నాడు.

"ఆర్పేదానికి నీళ్లు యాడుండాయన్నా?"

ఎవరో ఆడమనిషి నవ్వి, చప్పున నోరు మూసుకుంది. ఈశ్వరప్ప పాలేర్ల వైపు చూసి గడ్డం ఆడించాడు. గొడ్లను తోలే కట్టెలు చేతపట్టి ఇద్దరు తిప్ప దిగసాగారు.

చీలిక దగ్గర జీపు ఇంకా అటూ ఇటూ కదల్లేదు. పొగ మాత్రం చిక్కబడింది.

తిప్పయ్య జీపు వైపే చూస్తూ చెప్పులు తొడుక్కున్నాడు.